పోయిండు అనే మాటకు నేను చెప్పిన అర్థం

మా అమ్మ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో గడప దాటేవాళ్ళు ఎవరూ 'పోతున్నా' అనకూడదు. 'వెళ్ళొస్తా' అనాలి. పొరపాటున నోరు జారితే వెనక్కి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, గుక్కెడు మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపేది. బస్సు పోవచ్చు, కరెంటు పోవచ్చు, పరువు పోవచ్చు. మనిషి మాత్రం వెళ్ళాలి. 'ఆయన పోయారు' అంటే మా వైపు ఒకటే అర్థం, ఇక తిరిగి రారని.

మేము కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు వదిలి మీర్‌పేటలో ఇల్లు కట్టుకుని చాలా ఏళ్ళయింది. నీళ్ళు మారాయి, తినే బియ్యం మారింది, ఆ మాట మాత్రం మారలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఒక్క మాట పట్టుకుని నేను బతికున్న మనిషిని చనిపోయినవాళ్ళ జాబితాలో వేశాను.

నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్‌ని. పదిహేడేళ్ళు ఎర్రసిరా పెన్నుతో పిల్లల నోట్సులు దిద్దాను. 'నిన్న మా మామ ఇంటికి పోయిన' అని ఏ పిల్ల రాసినా 'పోయిన' కొట్టేసి పైన 'వెళ్ళాను' అని రాసేదాన్ని. అలా కొట్టేయడంలో నాకు ఒక రకమైన సంతోషం ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. తరవాత స్కూలు వాళ్ళు పిల్లలకు పలకల్లాంటి ఫోన్లు ఇచ్చారు. పద్యం అదే పాడుతుంది, అర్థం అదే చెబుతుంది, తప్పులు అదే దిద్దుతుంది. ముగ్గురు తెలుగు టీచర్లం ఉండాల్సిన చోట ఒక్కరు చాలన్నారు. ఆ ఒక్కరు నేను కాదు. నాకు నోరు ఎక్కువని యాజమాన్యం ముందునుంచీ అనుకునేది, అందులో అబద్ధమేమీ లేదు.

ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాక ఇబ్రహీంపట్నంలో ఒక పని ఉందని తెలిసింది. బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం మీది అంతస్తు. పన్నెండు మంది ఆడవాళ్ళం, పన్నెండు కంప్యూటర్లు, చెవులకు హెడ్‌ఫోన్లు. సాగర్ రోడ్డు మీద ఆడవాళ్ళకు డబ్బు తీసుకోని జీరో టికెట్ బస్సులో పొద్దున్నే బయల్దేరి, తుర్కయంజాల్ దాటేదాకా నిలబడి, ఆ తర్వాత సీటు దొరికితే కూర్చుని వెళ్ళేదాన్ని.

పని ఏమిటంటే మిషన్‌కి మన మాట నేర్పడం. ఆసుపత్రుల నుంచీ ఆఫీసుల నుంచీ జనానికి ఫోన్లు చేసి అడిగే పని ఇకమీదట మిషన్ చేస్తుందట. 'ఫలానా ఆయన ఉన్నారా? రేపు వస్తారా?' అని అది అడుగుతుంది. అవతలివాళ్ళు చెప్పిన జవాబు దానికి అర్థం కావాలి. అందుకని ఎవరెవరివో జవాబులు మూడు నాలుగు సెకన్ల ముక్కలుగా కోసి మాకు పంపేవారు. ముక్క వినాలి, తెర మీదున్న ఐదు గడుల్లో ఒకదాని మీద నొక్కాలి. ఉన్నారు. ఇంటి వద్ద లేరు. తర్వాత చేయండి. మరణించారు. అర్థం కాలేదు. మొదట్లో ఆ నాలుగో గడిలో 'చనిపోయెను' అని ఉండేది. అదేం తెలుగని నేనే పోట్లాడి 'మరణించారు' అని మార్పించాను. దాంతో అక్కడి కోఆర్డినేటర్‌కి నా మీద గౌరవం కలిగి, ఇద్దరు నొక్కిన గడులు వేరువేరైతే తీర్పు చెప్పే పని నాకిచ్చాడు.

మిగతావాళ్ళంతా నన్ను మేడం అనేవారు. రావిర్యాల నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం మొదటి రోజే అక్కా అంది. డిగ్రీ చదివింది, పాతికేళ్ళుంటాయి. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే అడక్కుండానే సగం రొట్టె నా మూతలో పెట్టేది. వాళ్ళ బాపుకి, అంటే నాన్నకి, రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు, మంగళ గురు శనివారాలు, సాగర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు దవాఖానలో డయాలసిస్. ఉదయం ఏడింటి మంచం ఆయనది. ఆ మంచం దొరకడానికి నాలుగు నెలలు తిరిగారట. 'మా బాపుకు మంచం దొర్కిందక్కా' అని ఆ పిల్ల చెప్పినప్పుడు ఎవరికో ఉద్యోగం వచ్చినట్టే చెప్పింది. అంత జబ్బులోనూ ఆయన సాయంత్రం రెండు బర్రెలను తోలుకురావడానికి చెరువు దిక్కు నడిచి వెళ్ళేవాడు. వద్దంటే వినడు. 'నేను పోకుంటె అవి రావు' అనేవాడట.

ఒకరోజు ఒక ముక్క నా దగ్గరకు తీర్పుకి వచ్చింది. ఆడమనిషి గొంతు. 'ఆయన పోయిండమ్మా.' అంతే. ఒకరు 'మరణించారు' నొక్కారు. రావిర్యాల అమ్మాయి 'ఇంటి వద్ద లేరు' నొక్కింది. నేను తనను పిలిచాను.

"ఇది మరణం కదా, నువ్వేమిటి ఇలా నొక్కావు?"

"మరణం గాదక్కా. ఆమె మొగడు యాడికో పోయిండు. గంతే."

"పోయిండు అంటే?"

"పోయిండంటే పోయిండు. బజారుకు పోయిండో, పొలం కాడికి పోయిండో."

"మరి చనిపోతే ఏమంటారు మీరు?"

"సచ్చిపోయిండంటం. కాలంజేసిండంటం." కాసేపు ఆలోచించి, నిజాయితీగల పిల్ల కాబట్టి, "ఒక్కోపారి పోయిండని గూడ అంటం" అంది.

"అదిగో, నువ్వే అన్నావు."

"గట్ల గాదక్కా. అప్పుడు గొంతు ఏరే ఉంటది. నువ్వు జర మంచిగ ఇను. ఆమె గిన్నెలు తోముకుంట మాట్లాడుతున్నది. మొగడు సస్తె గిన్నెలు తోముతదా?"

మళ్ళీ విన్నాను. నిజమే, వెనక గిన్నెల చప్పుడు ఉంది. పీచు రాకే శబ్దం కూడా ఉంది. కానీ అప్పటికి నాలో టీచరు నిద్రలేచింది. పైగా ఆ వారం మా తీర్పులు ఆలస్యమవుతున్నాయని కోఆర్డినేటర్ రెండుసార్లు అన్నాడు.

"గిన్నెల చప్పుడుకి ఇక్కడ గడి లేదమ్మా. మాటకే గడి ఉంది. పదిహేడేళ్ళు తెలుగు చెప్పాను, నాకు తెలుగు నేర్పుతావా?"

అందరూ వింటుండగానే అన్నాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "నీ ఇష్టం అక్కా" అని తన కుర్చీలోకి వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నేను అంతటితో ఊరుకోలేదు. అందరికీ ఉన్న వాట్సాప్ గ్రూపులో నియమం రాసి పెట్టాను: 'పోయారు, పోయిండు, పోయింది: మనుషుల గురించి అయితే మరణం. బయటికి వెళ్తే వెళ్ళారు అంటారు.' పదిమంది బొటనవేళ్ళు పెట్టారు. ఆ తర్వాత ఆ మాట మీద ఒక్క తగాదా రాలేదు. తీర్పులు త్వరగా అయిపోయేవి. ఆ అమ్మాయి కూడా నేను చెప్పిన గడే నొక్కేది. మధ్యాహ్నం రొట్టె మాత్రం పెట్టడం మానలేదు.

నెల తిరిగేసరికి ముక్కలు రావడంతోనే ఒక గడి మీద ముందే గుర్తు పడి ఉండేది. మిషనే నొక్కుతోంది, మేం అవునో కాదో చెప్పాలి. ఒక ముసలాయన గొంతు, 'మావోడు పోయిండు సారూ' అంది. నేను చెయ్యి కదపకముందే 'మరణించారు' మీద గుర్తు పడింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొద్దబ్బాయి ఎక్కం ఒప్పచెబితే టీచరుకి ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పుకున్నాను కూడా, నేను చెప్పిన పాఠం అది నేర్చుకుందని.

నేర్చుకున్న కొద్దీ కుర్చీలు ఖాళీ అయ్యాయి. పన్నెండు మందిమి ఏడుగురమయ్యాం, తర్వాత నలుగురం. చివరికి ఒక శుక్రవారం కోఆర్డినేటర్ స్వీటు డబ్బా తెచ్చి, "మీరు చాలా బాగా నేర్పారు మేడం. ఇక దానికి మనం అక్కర్లేదు" అన్నాడు. చేతిలో లడ్డూ ఉంది కాబట్టి ఆ మాట మంచిదో చెడ్డదో నాకు వెంటనే తెలియలేదు. కిందికి దిగాక బస్టాండులో ఆ అమ్మాయి నా పక్కన నిలబడి, "మనమే పాలువోసి పెంచినమక్కా దాన్ని" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. ఎవరు కూర్చున్న కొమ్మ వాళ్ళమే నరుక్కున్నాం, అదీ రంపం పదును చూసి మురిసిపోతూ.

తర్వాత నేను ఇంట్లో ట్యూషన్లు మొదలుపెట్టాను. మూడు నెలలు గడిచాయి. ఒక మంగళవారం ఉదయం ఎనిమిదింటికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వెనక చాలా మంది మాట్లాడుతున్నారు.

"అక్కా, మా బాపు పేరు తీసేసిన్రు. మంచం ఏరేటోళ్ళకు ఇచ్చిన్రు. నువ్వు దరఖాస్తు మంచిగ రాస్తవ్ గదా, జర వస్తవా?"

నేను వెళ్ళేసరికి తొమ్మిదిన్నర అయింది. దవాఖాన వరండాలో వాళ్ళ బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బక్కపల్చటి మనిషి, కాళ్ళు మాత్రం వాచి నున్నగా మెరుస్తున్నాయి. ఆయన పక్కన ఆమె తల్లి, చేతిలో దుప్పటీ, టిఫిన్ డబ్బా ఉన్న సంచీ. లోపల ఆయన మంచం మీద ఎవరో ఉన్నారు. ఆ మనిషి రక్తం అప్పటికే గొట్టాల్లో తిరుగుతోంది. ఆ మనిషిని లెమ్మనడానికి లేదు, అది అందరికీ తెలుసు.

ఇంతకుముందు అక్కడ కౌంటర్లో ఒకామె కూర్చునేదట. మర్నాడు రావాల్సిన అందరికీ ముందురోజు సాయంత్రం ఆమే ఫోన్ చేసేది. ఇప్పుడు ఆ కౌంటర్లో ఒక తెర ఉంది. పేషెంటు దాని ముందు నిలబడి తన నంబరు నొక్కాలి. ఈయన నొక్కితే 'వివరాలు లేవు' అంటోంది. మేం చూస్తుండగానే మళ్ళీ లేచి వెళ్ళి నొక్కి, తెరకు ముఖం దగ్గరగా పెట్టి, "నేనే, ఇగో నేనే" అన్నాడు. అది మళ్ళీ అదే మాట చూపించింది.

ఒక సిస్టర్ జాలిపడి లోపలి కంప్యూటర్లో వెతికింది. వెతికి, కాసేపు మావైపు చూసి, గొంతు తగ్గించి, "ఇందులో చనిపోయినట్టు ఉందక్కా" అంది. బాపు ఆ మాట విన్నాడు. "గందుకే సూదులు గుచ్చుతలేరు. సచ్చినోనికి సూది దండుగ గదా" అన్నాడు. ఆయన భార్య, "నోర్ముయ్" అని అరిచింది.

నేను సిస్టర్ భుజం మీదుగా తెర చూశాను. నిన్న సాయంత్రం చేసిన ఫోన్ వివరం ఉంది. కింద ఐదు గడులు, అదే వరుసలో. నాలుగో దాని మీద గుర్తు. పక్కన జవాబు రాసి ఉంది: 'ఆయన పోయిండు బిడ్డా.' మరణించారు అన్న మాట నేను పోట్లాడి పెట్టించిందే. ఆ అమ్మాయి నావైపు చూసింది. తర్వాత వెళ్ళి వాళ్ళ బాపు పక్కన కూర్చుంది.

తల్లిని అడిగితే జరిగింది చెప్పింది. సాయంత్రం ఫోనొచ్చింది. ఎవరో పిల్ల, మంచిగా మాట్లాడింది. ఆయనున్నారా అని అడిగింది. ఆయన బర్రెలకు పోయిండు కాబట్టి పోయిండు బిడ్డా అని ఈమె చెప్పింది. ఆ పిల్ల ఏదో పెద్ద పెద్ద తెలుగులో మాట్లాడింది, సానుభూతి అనో ఏదో అంది. ఈమె రేపటి సంగతేమో అనుకుని, "మంచిది బిడ్డా, మంచిది" అని పెట్టేసింది.

దరఖాస్తు రాశాను. నా జీవితంలో అంత చక్కటి దరఖాస్తు రాయలేదు. ఆ కాగితం తీసుకునే మనిషే లేడు. మనిషి బతికే ఉన్నాడని డాక్టరు సంతకం చేసిన పత్రం ఫోటో తీసి పంపాలి, దాన్ని చూసి పేరు తిరిగి ఎక్కించేది కూడా మిషనే. డాక్టరు మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. మనిషిని కళ్ళారా చూశాడు, నాడి పట్టుకున్నాడు, సంతకం పెట్టాడు. "మంచాలన్నీ నిండిపోయాయమ్మా, గురువారం తప్పకుండా చేయిస్తా" అన్నాడు. పత్రం పంపాం. 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది. బుధవారం సాయంత్రం దాకా అదే మాట. గురువారం జాబితా తయారైపోయింది, అందులో ఈయన పేరు లేదు. డాక్టరు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తారని, పైన మాట్లాడతామన్నారని చెప్పాడు. పైన అంటే ఎక్కడో ఆయనకీ తెలియదు.

ఆ రెండు రోజులూ నేను కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నాను. చివరికి ఎత్తాడు. విషయం చెప్పి, ఆ ఒక్క మాట మార్పించమని బతిమాలాను. తప్పు నాదే అన్నాను.

"మేడం, ఆ ప్రాజెక్టు క్లోజ్ అయిపోయింది. అదిప్పుడు మన దగ్గర లేదు."

"ఎవరి దగ్గరుంది?"

"వాళ్ళు కొన్నారు, వాళ్ళ దగ్గర ఇంకొకళ్ళు తీసుకున్నారు. ఏయే ఊళ్ళలో, ఏయే ఫోన్లలో ఉందో నాకూ తెలీదు."

"మరి ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ దిద్దాలి కదా?"

"దిద్దేవాళ్ళం మనమే కదా మేడం" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. అతనికీ ఆ నెలతో ఉద్యోగం పోయిందట, తర్వాత తెలిసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. నాకు పట్టుకోవడానికి ఆకులు కూడా దొరకలేదు. బుధవారం రావిర్యాల నుంచి తిరిగి వస్తుంటే బస్సులో నా ముందు సీటులో ఒకామె ఫోన్ ఎత్తి, "లేడమ్మా, పోయిండు" అంది. ఆమె భుజం పట్టుకుని, "అలా అనకండి, వెళ్ళాడు అనండి, త్వరగా చెప్పండి" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నీకేం నొప్పి? నా మొగడు, నా మాట" అంది. బస్సంతా నవ్వారు. ఆమెకు ఫోన్ చేసింది మనిషో మిషనో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఆ రోజు ఎల్బీనగర్ దాకా వెళ్ళిపోయాను, దిగాల్సిన చోట దిగలేదు.

గురువారం మధ్యాహ్నానికి బాపుకి ఊపిరి ఆడలేదు. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరింది. ఆటోలో నగరంలోని పెద్ద సర్కారు దవాఖానకు తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆయన పడుకోలేక, కూర్చోలేక, కూతురి భుజాలు పట్టుకుని నిలబడే ఊపిరి తీసుకున్నాడు. అక్కడ జనం ఎక్కువ, మిషన్లు తక్కువ, కానీ ఒక మనిషి ఉంది. నడివయసు నర్సు. ఆయన పెదవుల రంగు చూసింది, ఏ నంబరూ అడగలేదు. ఇంకొకరిని కాసేపు ఆగమని బతిమాలి ఈయన్ని లోపలికి తీసుకుంది. నాలుగు గంటల తర్వాత బయటికి వచ్చి, బతికాడు తీసుకుపోండి అంది.

బతికాడు. కానీ గుండె బలహీనపడిందన్నారు. ఇక చెరువు దిక్కు నడవకూడదన్నారు. బర్రెలను అమ్మేశారు. తోలుకుపోతుంటే ఈయన బయటికి రాలేదట. అప్పటిదాకా సర్కారు దవాఖానలోనే డయాలసిస్ చేశారు. ఆ తర్వాతి వారం సాగర్ రోడ్డు దవాఖాన నుంచి మెసేజ్ వచ్చింది, ఆయన పేరు తిరిగి ఎక్కించామని. క్షమించమని గానీ, ఎందుకలా జరిగిందని గానీ అందులో ఒక్క ముక్క లేదు. ఆయన మంచం ఆయనకు వచ్చింది, మంగళవారం ఉదయం ఏడింటికి.

దానికి ముందురోజు, సోమవారం సాయంత్రం, నేను రావిర్యాల వెళ్ళాను. నా తప్పు చెప్పుకోవాలని వెళ్ళాను. కూతురికి అంతా తెలుసు. తల్లిదండ్రులకు తనేమీ చెప్పలేదని వెళ్ళాక అర్థమైంది. ఎందుకంటే ఆ తల్లి నాకు చాయ్ పెట్టింది, "మా కొరకు మస్తు తిరిగినవు బిడ్డా" అంది. గ్లాసు కింద పెట్టి, చెప్పేశాను. ఆ ఫోన్లో మాట్లాడే దానికి మాటలు నేర్పింది మేమేనని, పోయిండు అంటే చనిపోయాడని అర్థం చెప్పింది నేనేనని, మీ అమ్మాయి కాదంటే అందరి ముందూ తన నోరు మూయించానని.

నేను చెప్పిందంతా ఆ తల్లికి ఎలా అర్థమైందో గానీ, "ఐతె గా ఫోన్ల పిల్లవు నువ్వేనా?" అంది.

"నేను కాదమ్మా, మిషన్. దానికి నేను..."

"నేను మంచిది బిడ్డా అంటి గదా. మొగడు సచ్చిండంటె ఎవలన్న మంచిది అంటరా? గప్పుడన్న నీకు అనుమానం రావద్దా?"

కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది. నా తరఫున ఒక్క మాట చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? మంచం మీద ఆనుకుని కూర్చున్న బాపు, "పోనీయ్ తియ్, బతికిన గదా" అన్నాడు.

"నువ్వు ఊకో" అని ఆయన్ని కసిరి, ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, చాప మీద నాకు ఎదురుగా వచ్చి కూర్చుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలనే మనసులో కోరుకున్నాను. ఆమె గోడ గడియారం చూసింది.

"ఇంక జరసేపైతె మల్ల ఫోనొస్తది. రేపు మంగళారం గదా. ఏమనాలె చెప్పు. నువ్వే నేర్పినవంటివి గదా దానికి, నాకు గూడ నేర్పు."

"మీరు మామూలుగానే చెప్పండమ్మా. ఆయన ఇంట్లోనే ఉన్నారు కదా, ఉన్నడు అంటే చాలు."

"ఉన్నడు అంటె ఇంకేం అర్థం జేస్తదో. నేను నమ్మను. నీ తీర్గ చెప్పు."

చెప్పాను. "ఉన్నారండి. రేపు వస్తారండి."

"ఉన్నరండి."

"ఉన్నారు. కొంచెం సాగదీయాలి."

"ఉన్నారండి. రేపొస్తరండి."

"వస్తారండి."

పలకమీద అక్షరాలు దిద్దే పిల్లలా ఆమె మళ్ళీ మళ్ళీ అంది. తప్పు పోతే తనే తల కొట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. అరవై ఏళ్ళు తన నోట్లో తనదిగా ఉన్న మాటను ఆమె నా ముందు కూర్చుని పక్కన పెడుతోంది, మొగుడి ప్రాణానికి భయపడి. ఎన్నో ఏళ్ళు నేను పిల్లలతో చేయించిన పని ఇదే. అప్పుడు ఎర్రసిరాతో చేశాను కాబట్టి చదువనిపించింది. ఆ చాప మీద కూర్చుని నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, అయినా 'వస్తారండి'లో దీర్ఘం దిద్దుతూనే ఉన్నాను.

ఫోన్ మోగింది. ఆమె నిటారుగా కూర్చుని, కొంగు సర్దుకుని, ఎవరో పెద్దమనిషి ఎదురుగా ఉన్నట్టు ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. అవతల ఆ గొంతు మెత్తగా అడిగింది. ఈమె మా కృష్ణ ఒడ్డు ఊళ్ళో ఆడవాళ్ళు మాట్లాడినట్టే, ఒక్క తప్పు లేకుండా, "ఉన్నారండి. రేపు వస్తారండి" అంది. ధన్యవాదాలు చెప్పి అది పెట్టేసింది. ఈసారి ఆమె దాన్ని బిడ్డా అనలేదు, మంచిది అనలేదు.

మంచం మీద నుంచి బాపు ఆమెవైపే చూస్తున్నాడు.

"ఎవల గురించి చెప్పినవే గంత మర్యాదగ?"

"నీ గురించే."

"నేననుకోలే" అన్నాడు ఆయన.

కూతురు వచ్చి నా చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. తల్లి ఫోన్‌ని గూట్లో పెట్టి, గోడవైపు తిరిగి, మర్చిపోతానేమోనని కాబోలు, ఆ రెండు మాటలూ మళ్ళీ మెల్లగా అనుకుంటోంది.